రేడియో మామ టీ గళాసు

అయ్యా, అమ్మా, ముందే చెప్తన్నా. నేను అయిదో తరగతి కూడా సరిగ్గా చదవలా. డ్రైవరు పనిలో ఊళ్ళ బోర్డులు చదువుకోటం, యాడన్నా సంతకం పెట్టటం, అంతకు మించి అక్షరాలతో నాకు పని పడలా. ఒక మనిషి గురించి కాయితం మీద రాయటం ఇదే మొదలు. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతయ్యి. ముందు చెప్పాల్సింది ఎనక చెప్తానేమోనని కూడా భయంగా ఉంది. కాస్త ఓర్చుకుని చదవండి.

మొన్నామధ్య మా అల్లుడి ఆటోకి పాత డోరు కావాలంటే ఎడ్లపాడు అవతల రోడ్డు పక్కన పాత బండ్లు కోసే షెడ్డుకి ఎళ్ళాం. ఆడ ఒక తెల్ల అంబాసిడరు చక్రాలు లేకుండా కూలబడి ఉంది. ఊరికే లోపలికి తొంగి చూశా. డాష్ బోర్డు మధ్యలో, టేపురికార్డరు ఉండాల్సిన బొక్క చుట్టూ, ఒక టేకు చెక్క పలక. నాలుగు మూలలూ నున్నగా తీసి ఉన్నయ్యి. ఆ చెక్క చూడంగానే గుర్తుపట్టా. అది నేను తోలిన కారే. ఆ చెక్క చేసింది రేడియో మామ.

మర్నాడు ఈ ముక్క ఆయనకి చెప్పి నవ్వుకుందామని నర్సరావుపేట ఎళ్ళా. ఆయన లేడు. ఎండాకాలంలోనే పోయాడంట. నాకు కబురు చెప్పేవాళ్ళే లేకపోయారు.

ఆయన పేరు రాయను. పార్టీల మనుషులు ఇంకా ఉన్నారు, వాళ్ళ పిల్లలూ ఉన్నారు. పేరు రాసినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువే. పేటలో అందరికీ ఆయన రేడియో మామే. సాయిబుల ఇంటాయన. కమ్మోళ్ళు, రెడ్లు, మాలోళ్ళు, ఎవరొచ్చినా అల్లుడూ అనే పిలిచేవాడు. పోలీసాయన జీపు తెచ్చినా అల్లుడే. అందుకని మేవందరం మామా అనేవాళ్ళం.

అప్పట్లో కలరు టీవీలు ఇంకా అప్పుడప్పుడే వస్తన్నయ్యి. పాత అంబాసిడర్లలో కంపెనీ వాడు పెట్టిన రేడియోలు ఉండేయి, రెండు పక్కల రెండు గుండ్రటి బుడిపెలు, మధ్యలో ముల్లు. కాస్త డబ్బు చేతిలో ఆడినోళ్ళంతా అవి పీకేయించి క్యాసెట్లు ఏసే టేపురికార్డర్లు పెట్టించుకుంటా ఉండేవాళ్ళు. పేటలో ఆ పని చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ వాళ్ళు రంపం బ్లేడు పెట్టి డాష్ బోర్డు పరపరా కోసేసేవాళ్ళు. మామ కొయ్యడు. బొక్క పెద్దదైతే చెక్కతో చట్రం చేసి బిగిస్తాడు, చిన్నదైతే కింద పట్టీలు కొట్టి ఏలాడదీస్తాడు.

"కోస్తే గంటలో అయిపోద్ది గదా మామా" అనే వాళ్ళం.

"నీ మూతి మీసాలకి బాలేదని మూతి కోస్తావా అల్లుడూ" అనేవాడు.

పాత రేడియో తీసేముందు ఆయనకో పద్ధతి. కారు ఆసామిని ముందు సీట్లో కూకోబెట్టి ఆ రేడియో ఒకసారి పెట్టేవాడు. "ఇనవయ్యా, ఇన్నేళ్ళు పలికింది నీ కారులో, పోయేముందు ఒకసారి ఇను" అనేవాడు. కొంతమంది ఇసుక్కునేవాళ్ళు. ఇసుక్కున్నా కూకోవాల్సిందే. తీసినాక దాన్ని గుడ్డలో చుట్టి ఆసామి చేతికే ఇచ్చేవాడు. "పాత సామాన్లోడికి ఏశావంటే మళ్ళా నా షెడ్డుకి రామాక" అని కూడా అనేవాడు.

కొత్తది బిగించినాక పాటల క్యాసెట్ పెట్టేవాడు కాదు. విజయవాడ స్టేషను పట్టి వార్తలు పెట్టేవాడు. ఇంజను నడుస్తా ఉండాల. చెవి స్పీకరుకి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "పాటలో గరగర దాక్కుంటది, మనిషి మాటలో దాక్కోలేదు" అనేవాడు. గరగర వస్తే మళ్ళా బానెట్టు ఎత్తి, కాయిలుకి ఆ గరగర ఆపే కండెన్సరు మార్చి, వైర్లు మార్చి, మళ్ళా చెవి పెట్టేవాడు. ఎంతసేపైనా అంతే. ఆయన మాత్రం ఎప్పుడూ కారెక్కి ఇంటికి పోలా. బెల్లు లేని సైకిలు మీదే పోయేవాడు.

ఇంక టీ సంగతి. ఇది జాగర్తగా చెప్పాల. హోటలు గళాసులు ఆయనకి ఆనేయి కాదు. సొంతంగా ఒక పెద్ద స్టీలు గళాసు, మజ్జిగ తాగే గళాసంత. ఎదురు టీ కొట్టాయన కెటిలు తెచ్చి దాంట్లో వంచేవాడు. పొగలు కక్కతా ఉండంగానే మామ ఎత్తి ఒకే గుక్కలో దించేవాడు. మధ్యలో ఊపిరి తీసుకునేవాడు కాదు. చూసేవాళ్ళకి నోరు కాలేది. కొత్తగా వచ్చిన డ్రైవర్లకి మేవు పిలిచి చూపించేవాళ్ళం. "నోట్లో తోలు ఉందా రేకుందా మామా" అంటే, "టీ ముందు పెట్టుకుని కూకోటానికి నేనేమన్నా పెళ్ళిచూపులకొచ్చానా" అనేవాడు. బజారంతా తెల్సు ఆయన టీ ఎట్టా తాగతాడో.

ఆయన ఎడమ చెయ్యి చూపుడేలు పైకణుపు లేదు. ఎవరిదో కారుకి ఫ్యాను పక్కన కండెన్సరు బిగిస్తంటే, ఆసామి బామ్మర్ది హారను కొట్టి చూద్దామని తాళం తిప్పాడంట. ఫ్యాను కొట్టేసింది. అప్పట్నించీ మామ కారు షెడ్డులోకి రాంగానే ముందు రోటరు తీసేసేవాడు. తెలియని వాళ్ళ కోసం చెప్తన్నా. బానెట్టు కింద డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే లోపల బొటనేలంత నల్లటి ముక్క ఉంటది, దాన్నే రోటరంటారు. అది లేకపోతే తాళం ఎంత తిప్పినా ఇంజను అందుకోదు. దాన్ని చొక్కా జేబులో ఏసుకుని బొత్తాం పెట్టుకునేవాడు. పనంతా అయినాకే మళ్ళా పెట్టేవాడు. ఎవరడిగినా మధ్యలో ఇచ్చేవాడు కాదు.

నేను తోలిన కారు నకరికల్లు దాటినాక ఉండే ఒక ఊరి ఆసామిది. ఊరు పేరు వద్దు. ఆ ఊళ్ళో రెండు పార్టీలు. మా ఆసామి ఒక పార్టీకి పెద్ద. అవతలి పార్టీకి ఇంకో ఆయన. కాలవ నీళ్ళ కాడ మొదలైన గొడవ, గడ్డివాములు తగలబడే దాకా వచ్చి, కేసులు నడుస్తన్నయ్యి. మా ఆసామి నిదానస్తుడు. ఆయన తమ్ముడు మాత్రం అట్టా కాదు. మేవు చిన్నాయన అనేవాళ్ళం. ఆయనొస్తంటే కుక్కలు కూడా పక్కకి జరిగేయి.

ఆరోజు పేట కోర్టులో వాయిదా. పొద్దున్నే ఆసామిని, చిన్నాయన్ని, ఇంకో ముగ్గురు మనుషుల్ని కోర్టు కాడ దించా. ఆసామి "సాయంత్రం దాకా నీతో పన్లేదు, కారు రేడియో కొట్టుకి తీసకపోయి ఆ టేపు పెట్టించు, మా వాడు పోరతన్నాడు" అన్నాడు. టేపు చిన్నాయన గుంటూరులో కొన్నది. సరేనని మామ కాడికి తెచ్చా. ఎప్పట్లాగే ముందు రోటరు తీసి జేబులో ఏసుకున్నాడు.

ఆసామి రాలేదు కాబట్టి పాత రేడియో ఇనటానికి నన్నే కూకోబెట్టాడు. ధరలు చెప్తన్నారు, మిరపకాయలు, పత్తి. కాసేపు ఇన్నాక తీసేశాడు. బల్ల మీద గుడ్డ పరిచి దాని మీద పెట్టాడు. టేకు చెక్క తయారుగానే ఉంది, బిగించాడు. తరవాత ఎనక సీటు ఎనకుండే పలక మీద స్పీకర్లు పెట్టాల. దానికి డిక్కీ తెరవాల, కింద నించి మరలు తిప్పాల. తాళం ఇచ్చా. నేను ముందు వైపు నిలబడి బీడీ కాల్చుకుంటన్నా.

డిక్కీ తెరిచిన చప్పుడైంది.

"అల్లుడూ" అన్నాడు. "ఇది నువ్వు చివరిసారి ఎప్పుడు తెరిచావు?"

"ఎందుకు మామా?"

"ఇట్రా."

ఎళ్ళి చూశా. గోతాంపట్టాలు తొలగించి ఉన్నయ్యి. వాటి కింద గొడ్డళ్ళు, రెండు బరిసెలు. కర్రలకి కొత్తగా తాడు చుట్టి ఉంది, చెయ్యి జారకుండా.

నాకు తెలియదు. ఇప్పుడు కూడా ఒట్టేసి చెప్తన్నా. పొద్దున నేను టిఫిను తినేటప్పుడు ఎవరో ఏసుంటారు. కానీ చూడంగానే అర్థమైపోయింది. వాయిదా కాంగానే అవతలాయన జీపులో ఊరికి పోతాడు. ఈళ్ళు ఎనకే పోయి యాడో కాలవ వంతెన కాడ ఆపుతారు. తోలేది ఎవరు, నేను. ముప్పాళ్ళ వైపు ఒక డ్రైవరు అట్టాంటి కేసులోనే లోపలున్నాడు. వాడు చేత్తో ఎవర్నీ ముట్టుకోలా, స్టీరింగు పట్టుకున్నాడంతే. అయినా అందరితో సమానంగా వాడూ ముద్దాయే. నా పెళ్ళానికి అప్పుడు నెలలు నిండి ఉన్నయ్యి.

"పారిపోనా మామా" అన్నా.

"యాడికి పోతావ్? కారొదిలేసి పోతే రేపు నిన్ను వాళ్ళూ ఎతుకుతారు, ఈళ్ళూ ఎతుకుతారు." పట్టా మళ్ళీ కప్పేశాడు. డిక్కీ ఏసి తాళం నా చేతిలో పెట్టాడు. "బానెట్టు కాడికి పో. చేతిలో పానా పట్టుకుని వంగు. నువ్వేం చూళ్ళా, నేనేం చూళ్ళా."

ఎదురు కొట్టుకి టీ అని చెయ్యి ఊపాడు. ఆయనొచ్చి కెటిలు వంచి పోయాడు. మామ ముక్కాలి పీట మీద కూకున్నాడు, స్టీలు గళాసు చేతిలో ఉంది. అప్పుడే బజారు చివర చిన్నాయన, ముగ్గురు మనుషులు మలుపు తిరిగారు. పరుగులాంటి నడక. భుజాల మీద తువ్వాళ్ళు. వాళ్ళని చూసి ముందు బట్టల కొట్టాయన షట్టరు దించాడు. ఆ చప్పుడికి పక్కోడు, వాడి పక్కోడు. మా వైపు వాళ్ళకి ఇది అలవాటే. ఏందని అడగరు, షట్టరు దించుతారు.

నేను బానెట్టు కింద వంగి ఉన్నా. మామ చెయ్యి జేబు మీదకి పోయింది. బొత్తాం తీశాడు. ఆ చెయ్యి గళాసు మీదగా పోయింది. గుబుక్ మన్న చప్పుడు నాకు మాత్రమే ఇనపడింది. రోటరు టీలో పడింది.

"ఎక్కరా, కారు తియ్యి" అన్నాడు చిన్నాయన వస్తానే.

"కారు పన్లో ఉందండీ" అన్నా.

"పన్లేదు ఏం లేదు. టేపు తరవాత. తియ్యి."

ఎక్కి తాళం తిప్పా. ఇంజను గుర్రుగుర్రుమంటది గానీ అందుకోదు.

"ఏందిది?"

"రోటరు లేదండీ. మామ తీసి పెడతాడు."

"ఏయ్ సాయిబూ, పెట్టు దాన్ని."

మామ పీట మీద నించి లేవలా. "ఈడనే పెట్టా అల్లుడూ. కనపడట్లా" అన్నాడు.

"ఎవడ్రా అల్లుడు నీకు?" చిన్నాయన నా వైపు తిరిగాడు. "యాడ పెడతాడ్రా ఈడు ఎప్పుడూ?"

"చొక్కా జేబులో" అన్నా. ఎప్పుడూ పెట్టేది అక్కడే గదా.

ఒకడు వచ్చి జేబు ఎతికాడు. ఖాళీ. లుంగీ మడత ఎతికాడు. సామాన్ల డబ్బాలు బోర్లించారు, మరలు, మేకులు, ముక్కలు నేల మీద పోశారు. మామ గళాసు పెదాల కాడికి తీసకపోయి కొంచెం తాగాడు. కింద పెట్టలా. మళ్ళా కొంచెం. నేను దిగి మళ్ళా బానెట్టు పట్టుకుని నిలబడ్డా. ఆయన మెల్లగా టీ తాగటం అప్పటిదాకా నేనెప్పుడూ చూళ్ళా. వీళ్ళు పేటోళ్ళు కాదు కాబట్టి సరిపోయింది. పేటోడు ఒక్కడు ఉన్నా ఆ గళాసు వైపే చూసేవాడు.

ఒకణ్ణి స్పేరుపార్టుల కొట్టుకి పంపారు, కొత్త రోటరు తెమ్మని. వాడు ఉత్త చేతుల్తో వచ్చాడు. "షట్టరేసుకున్నాడు, కొట్టినా తియ్యట్లా" అన్నాడు. బాడుగ కార్లు ఉండే చోటికి ఇంకొకడు పోయాడు. ఆడ కార్లే లేవని వాడూ తిరిగొచ్చాడు.

చిన్నాయన వచ్చి మామ చెంప మీద కొట్టాడు. గట్టి దెబ్బ. టీ తొణికి చెయ్యి మీద పడింది. ఆయన గళాసు ఒదల్లా. కానీ లోపల ముక్క కదిలి స్టీలుకి తగిలి టంగుమంది.

ఒకడు తల తిప్పాడు.

నేను బానెట్టు ఒదిలేశా. ధన్ మని పడింది. అందరూ నా మీద పడ్డారు.

"కళ్ళు దొబ్బినయ్యా నీకు?"

"చెయ్యి జారిందండీ" అన్నా. నిజంగానే చేతులకి గ్రీజు ఉంది, అందుకని నమ్మారు.

అప్పుడే బజారు చివర మెయిను రోడ్డు మీద జీపు పోయింది. అవతలాయన ముందు సీట్లో కూకోని ఉన్నాడు, తెల్ల చొక్కా. వాళ్ళ డ్రైవరు తప్ప జీపులో ఇంకెవరూ లేరు. నలుగురూ చూశారు. నేనూ చూశా. ఆయనకి ఏమీ తెలవదు, పళ్ళు కుట్టుకుంటా పోతన్నాడు.

చిన్నాయన కాసేపు ఆ దుమ్ము వైపే చూశాడు. తరవాత బల్ల మీద పాత రేడియో తీసి నేలకేసి కొట్టాడు. కాలితో తొక్కాడు. అద్దం పగిలింది, ముల్లు ఊడి పడింది. నలుగురూ కోర్టు వైపు పోయారు.

షట్టర్లు ఒక్కొక్కటే లేచినయ్యి. మామ గళాసులో మిగిలింది చివరి దాకా తాగాడు. రోటరు చేతిలోకి వంచుకుని, లుంగీకి తుడిచి, నోటితో ఊది, ఎండలో పెట్టాడు. కింద పోసిన మేకులు ఏరుకుంటా, ఎదురు కొట్టాయనకి ఇనపడేట్టు, "మేకుల డబ్బాలోనే ఉందయ్యా, కంగారులో కనపళ్ళా" అన్నాడు.

నాతో మాత్రం, "రా, స్పీకర్లు ఇంకా కాలా" అన్నాడు.

సాయంత్రం ఆసామి వచ్చాడు. మామ వార్తలు పెట్టి, ఇంజను నడుస్తా ఉండంగా ఇనిపించాడు. గరగర లేదు. ఆసామి ఇనలా, పగిలిన రేడియో వైపు చూస్తన్నాడు. "మావాడు వచ్చాడంట" అన్నాడు.

"వచ్చాడు. తొందరపడ్డాడు. పని కాలేదని చెప్పా" అన్నాడు మామ. అని, "డిక్కీలో బరువు ఎక్కువుంది, స్పీకరు అదురుద్ది. ఇంటికి పోంగానే తీయించు" అన్నాడు.

ఆసామి ఎళ్ళి డిక్కీ తెరిచాడు, మూశాడు. మొహం నల్లబడింది. ఇంటికి పోయేటప్పుడు దారంతా టేపు పెట్టమన్లా. ఆ గొడ్డళ్ళూ బరిసెలూ ఆయనే కాలవలో ఏయించాడు, నా చేతే. ఆ యేడే పెద్దమనుషులు కూకుని రెండు పార్టీలకీ రాజీ చేశారు. మామ వల్లే రాజీ అయిందని నేను చెప్పను. ఆరోజు జీపాయన ఇంటికి చేరాడు, అంతవరకు నాకు తెల్సు. నేను మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఇంట్లోనే ఉన్నా. అదీ తెల్సు.

తరవాత ఆ సంగతి మేవు మళ్ళా ఎత్తలా. ఒక్కసారి మాత్రం, చిన్నాయన పోయినాక, నేనే అడిగా. "మామా, ఆరోజు నేను చూశానని నీకు తెల్సా?"

మామ టీ కొంచెం కొంచెం తాగతన్నాడు. "బానెట్టు దానంతటది పడదు అల్లుడూ" అన్నాడు.

అప్పటికే ఆయన చానా ఏళ్ళనించీ టీ అట్టానే, చల్లార్చుకుని తాగతన్నాడు. కడుపులో మంటేమో, వయసేమో అనుకున్నా. అడగలా.

ఇప్పుడు పోయినాక వాళ్ళింటికి ఎళ్ళా గదా, అత్త నన్ను గుర్తుపట్టింది. మంచం ఏసింది. టీ కాచి తెచ్చింది, అదే స్టీలు గళాసులో. "ఇంట్లో పెద్ద గళాసు ఇదే" అంది.

"నిన్నొకటి అడగనా అల్లుడూ" అంది. "పెళ్ళయిన కాణ్ణించి ఆయన టీ నిప్పులాగా తాగేవాడు. ఒకరోజు ఇంటికొచ్చి, చెంప వాచి ఉంది, ఇయ్యాల్టి నించి నాకు చల్లార్చి ఇయ్యి అన్నాడు. ఎందుకయ్యా అంటే చెప్పలా. చల్లారిన టీ ఆయనకి గిట్టదు, మొహం వికారంగా పెట్టుకుని తాగేవాడు. పోయేదాకా అంతే. బజార్లో కూడా అంతేనంట. నువ్వు ఆయన్తోనే ఉండేవాడివి గదా, నీకేమన్నా తెల్సా?"

నాకు అప్పుడు తట్టింది. పేట బజారంతా తెల్సు ఆయన టీ ఎట్టా తాగతాడో. ఆ ఒక్కరోజే మెల్లగా తాగాడని ఎదురు కొట్టాయన ఎప్పుడన్నా, ఎవరితోనన్నా, మాటవరసకి అంటే చాలు. చిన్నాయన చెవిన పడితే చాలు. మామతో పాటు బానెట్టు ఒదిలినోడు కూడా బయటపడతాడు. అందుకని ఆ రోజుని మామూలు రోజు చేశాడు. దాని కోసం మిగతా రోజులన్నీ మార్చుకున్నాడు.

అత్తకి అంతా చెప్పా. ఆమె ఏడవలా. చల్లారిన టీ మళ్ళా కాచి తెచ్చి, చెంగుతో గళాసు అంచు తుడిచి నా చేతిలో పెట్టి, "వేడిగా ఉంది, తాగు" అంది. లోపలికి చూశా. మీగడ తప్ప ఏం లేదు. ఒకే గుక్కలో తాగా. నాలిక కాలింది, కళ్ళల్లో నీళ్ళొచ్చినయ్యి. రెండ్రోజులు అన్నం రుచి తెలవలా.

వచ్చేటప్పుడు, "ఇదంతా యాడన్నా రాసి పెట్టు, మా మనవళ్ళు చదువుకుంటారు" అంది. నాకు రాదత్తా అన్నా. "వచ్చినట్టు రాయి" అంది. అందుకని రాశా. ఇందులో తప్పులు నాయి, మంచేదన్నా ఉంటే మామది. చదివినోళ్ళు నా తప్పుల్ని పెద్ద మనసుతో ఒదిలెయ్యండి.